పేరు ఉంచి క్లాసు తీసేస్తే ఎలా? లిబరల్ ఆర్ట్స్ కాలేజీల ట్రస్టీలకి ఒక బహిరంగ లేఖ

ట్రస్టీలకి, ప్రెసిడెంట్లకి, బడ్జెట్ కమిటీల్లో కూర్చునే పెద్దలందరికీ నమస్కారం.

ఏ ఒక్క కాలేజీనో ఉద్దేశించి రాస్తున్నది కాదు ఇది. నేనూ అలాంటి ఓ చిన్న కాలేజీలోనే చదివాను, ఒక్క ఉద్యోగానికని కాకుండా సాహిత్యం, చరిత్ర, ఫిలాసఫీ, లెక్కలు, సైన్స్ అన్నీ చిన్న క్లాసుల్లో నేర్పే చోటు, ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దాంతో "నువ్వు చదివినదానికీ చేసేదానికీ సంబంధమేంటి" అని అడగనివాళ్లు లేరు, ఇప్పుడు చూస్తే మీ బ్రోషర్లు కూడా ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే చెమటోడుస్తున్నట్టున్నాయి. మొదటి పేజీలో చెట్టు కింద కూర్చుని నవ్వుతున్న ముగ్గురు స్టూడెంట్లు, తిప్పితే గ్రాడ్యుయేట్ల సగటు జీతం, ఆ పక్కనే క్రిటికల్ థింకింగ్ అని పెద్దక్షరాలు. అదే ఏడాది బోర్డు మీటింగ్‌లో మాత్రం ఫ్రెంచ్ డిపార్ట్‌మెంట్ మూసేద్దామా, ఫిలాసఫీని ఇంకోదాంట్లో కలిపేద్దామా, రిటైరైన ప్రొఫెసర్ చోటులో కోర్సుకి ఇంతని ఇచ్చి పార్ట్‌టైమ్ వాళ్లని పెట్టుకుందామా అని చర్చ. అటు అమ్ముతున్నదీ ఇటు కోసేస్తున్నదీ ఒకటే అని మీలో ఎవరికీ అనిపించట్లేదా?

ఈ చదువు విలువ సబ్జెక్టుల లిస్టులో లేదండి, జీతాల టేబుల్లో అసలే లేదు. అది జరిగే తీరులో ఉంది. పది పదిహేను మంది పట్టే గది, అందరూ ముందే చదువుకొచ్చిన ఒకే పాఠం, తప్పించుకోడానికి వెనక బెంచీ లేకపోవడం, రాసిన ప్రతి పేజీనీ కూర్చుని చదివే ఒక టీచర్. ఇంతే. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, ఖర్చు మాత్రం మొత్తం దీనిదే, అందుకే కత్తెర కూడా ముందు దీని మీదే పడుతోంది.

ఆ గదిలో ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెప్తా, మీలో చాలామంది క్లాసులో కూర్చుని ఎన్నేళ్లయిందో కదా. అమెరికాలో అన్నాపొలిస్‌లో సెయింట్ జాన్స్ కాలేజీ ఉంది, 1937 నుంచి అక్కడ మేజర్లు (ఒక్కొక్కరు ఎంచుకునే ప్రధాన సబ్జెక్టులు) అనేవే లేవు, అందరూ ఒకే వరుసలో పాత గ్రంథాలు చదవాల్సిందే, లెక్కలైతే ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ రాసిన జ్యామితి పుస్తకంతో మొదలు. మాకు అంత పద్ధతిగా కాదు గానీ ఒక సెమిస్టర్ యూక్లిడ్ ఉండేది. మొట్టమొదటి ప్రతిపాదన ఏంటంటే, ఇచ్చిన గీత మీద మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజం గీయాలి. గీతకి ఒక చివర సెంటర్ పెట్టి ఒక వృత్తం, రెండో చివర సెంటర్ పెట్టి అంతే సైజులో ఇంకో వృత్తం, రెండూ కోసుకున్న చోటు నుంచి రెండు చివరలకీ గీతలు కలిపితే అయిపోయింది. స్కూల్లో కంపాస్‌తో అందరం గీసిందే. బోర్డు దగ్గరున్న అబ్బాయి రెండు నిమిషాల్లో గీసేసి చాక్‌పీస్ పెట్టేయబోతుంటే ఒకమ్మాయి అడిగింది, ఆ రెండు వృత్తాలూ కోసుకుంటాయని ఎవరు చెప్పారు అని. వాడు బోర్డు చూపించాడు, కనిపిస్తోంది కదా అన్నాడు. కనిపిస్తే ప్రూఫ్ అయిపోతుందా అంది. నవ్వారు అందరూ, తర్వాత పుస్తకాలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు, నిర్వచనాలు చూశారు, రుజువు అడక్కుండా ఒప్పుకునే ఐదు పోస్టులేట్లూ చూశారు, ఎక్కడా లేదు! రెండు వేల ఏళ్లకి పైగా ప్రపంచానికి తర్కం నేర్పిన పుస్తకంలో మొదటి మెట్టులోనే ఒక సందు ఉంది. అది నిజంగానే ఉంది, 19వ శతాబ్దం చివర్లో గణితజ్ఞులు జ్యామితికి పునాది మళ్లీ వేయాల్సి వచ్చింది, 1899లో జర్మన్ గణితజ్ఞుడు హిల్బర్ట్ చేసింది అదే పని. మా టీచర్‌కి అదంతా తెలుసు, కానీ గంటసేపు నోరు విప్పలేదు. చివర్లో ఒక్కటే అడిగారు: సరే, దీన్ని పూడ్చాలంటే కొత్తగా ఏం ఒప్పుకోవాలి?

ఇప్పుడు నా ఉద్యోగంలో డిజైన్ మీటింగుల్లో "అది అలాగే వస్తుంది కదా" అని ఎవరైనా అంటే నా చెయ్యి పైకి లేస్తుంది, అది అక్కడి అలవాటే. కానీ ఆ క్లాసు విలువ నా మీటింగ్‌కి పనికొచ్చిందా లేదా అన్నదాంట్లో ఉందని నేను అనను. పద్దెనిమిదేళ్ల పిల్లకి యూక్లిడ్ అంతటివాణ్ణి నిలబెట్టి అడగొచ్చు అని తెలిసింది, తన ప్రశ్నకి క్లాసంతా పేజీలు తిప్పింది, అది ఒక మనిషికి జరగాల్సిన విషయం. దానికి జీతం కాలమ్‌లో గడి లేదు.

ఇదే క్లాసు మూడొందల మంది హాల్లో పెడితే? పాఠం అదే, టీచర్ అదే, స్లైడులు ఇంకా బాగుంటాయి, ఆ ప్రశ్న మాత్రం రాదు. వచ్చినా, వెనకాల ఎవరో ఏదో అడిగారని ముందుకెళ్లిపోతారు.

రాత సంగతి కూడా ఇంతే. మా కాలేజీలో వ్యాసం ఇస్తే వారం పది రోజుల్లో తిరిగొచ్చేది, మార్జిన్ నిండా పెన్సిల్ రాతలు. "ఈ మాట నీదా, అతనిదా?" "ఈ పేరాకీ పై పేరాకీ మధ్య ఏదో దాటేశావు." "ఇది నిజమే, కానీ నువ్వు చూపించలేదు." మార్కు కంటే అవే ముందు చదివేవాళ్లం. ఒక మనిషి మన వాక్యాలని ఒక్కొక్కటిగా సీరియస్‌గా తీసుకోవడం అనేది చాలామందికి జీవితంలో అక్కడొక్కచోటే జరుగుతుంది, తర్వాత మన రాతలు చదివేవాళ్లంతా తొందరలో ఉన్నవాళ్లే కదా. ఒక సెక్షన్‌లో ముప్పై ఐదు మందిని నింపి, నాలుగు సెక్షన్లు ఒకే పార్ట్‌టైమ్ టీచర్‌కి ఇస్తే, ఆ టీచర్ ఎంత మంచివాడైనా, వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి నూట నలభై వ్యాసాలకి మార్జిన్‌లో ఏం రాస్తాడు? టిక్కు పెడతాడు.

ఏఐ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇంటికిచ్చిన వ్యాసం ఎవరు రాశారో తెలియని పరిస్థితి, ప్రతి కాలేజీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతోంది, అది అమాయకుణ్ణి కూడా పట్టుకుంటోంది. నాకు అర్థం కాని విషయం ఏంటంటే, ఈ సమస్యకి జవాబు చేతిలో ఉన్నది మీ దగ్గరే కదా! పన్నెండు మంది ఉన్న క్లాసులో నువ్వు రాసింది ఇక్కడ చదివి చెప్పు, ఆ రెండో పేజీలో అలా ఎందుకన్నావు అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఇలా చేద్దామన్నా చేయలేవు, అంతమందిని కూర్చోబెట్టి అడిగే టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు. మీ కాలేజీ చిన్నది కావడమే మీ బలం అని తేలే రోజు వచ్చేసరికి మీరు క్లాస్ సైజు పెంచే పనిలో ఉన్నారు.

ఈ గొడవ కొత్తదేమీ కాదు లెండి. 1828లోనే యేల్ కాలేజీ వాళ్లని ఈ గ్రీకూ లాటినూ ఎందుకు, పనికొచ్చే చదువు చెప్పొచ్చు కదా అని అడిగితే వాళ్లు ఒక పెద్ద రిపోర్టే రాసి జవాబిచ్చారు. మెదడుకి పదును పెట్టడం ఒకటి, మెదడులో సరుకు నింపడం ఒకటి, రెండూ కావాలి గానీ మొదటిదే ముఖ్యం అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. కానీ ఆ పదును గ్రీకు, లాటిన్‌తోనే వస్తుందని పట్టుబట్టారు చూశారా, అక్కడ బోల్తా పడ్డారు, చరిత్ర వాళ్లని దాటేసి పోయింది. మన లిబరల్ ఆర్ట్స్ వాళ్లకి ఆ జబ్బు ఇంకా పూర్తిగా పోలేదు, మేం చదివిన నాలుగు పుస్తకాలు చదవనివాడు మనిషే కాదన్నట్టు మాట్లాడేవాళ్లని నేనూ చూశాను, ఇంజనీర్లంటే చిన్నచూపు చూసేవాళ్లనీ చూశాను, వాళ్ల వల్లే సగం చెడ్డపేరు. 1862లో అమెరికాలో వ్యవసాయం, మెకానిక్ విద్యల కాలేజీల కోసం మోరిల్ చట్టం తెస్తూ కూడా అందులో ఏం రాశారంటే, మిగతా శాస్త్రాలనీ ప్రాచీన సాహిత్యాన్నీ వదలొద్దు, శ్రామిక వర్గాలకి ఉదారమైన (లిబరల్) చదువూ పనికొచ్చే చదువూ రెండూ అందాలి అని. చేతిపని నేర్పే కాలేజీల చట్టమే ఆ మాటంటే, మీరు దాన్ని ఒక లగ్జరీలా మాట్లాడటం ఏం బాగుంది?

ఎవరికి ఈ చదువు, ఎవరికి అక్కర్లేదు అనేదే అసలు ప్రశ్న. దీని మీద నాకు తెలిసి అన్నిటికంటే గట్టి వాదన వంద ఏళ్ల కిందటే జరిగింది. బుకర్ టి. వాషింగ్టన్ బానిసగా పుట్టి, 1881 నుంచి టస్కీగీలో విద్యాసంస్థ నడిపి, నల్లజాతి పిల్లలకి ముందు చేతిపని రావాలి అన్న మనిషి. ఆయన తన ఆత్మకథలో ఒక దృశ్యం రాశారు: ఒంటిగది ఇంట్లో, బట్టలకి జిడ్డు, చుట్టూ మురికి, వాకిట్లో కలుపు, మధ్యలో ఒక కుర్రాడు కూర్చుని ఫ్రెంచ్ వ్యాకరణం చదువుకుంటున్నాడు, తను చూసిన బాధాకరమైన దృశ్యాల్లో అదొకటి అన్నారు. దానికి డబ్ల్యూ. ఈ. బీ. డుబోయిస్, నల్లజాతివాళ్ల కోసం పెట్టిన ఫిస్క్ యూనివర్సిటీలో చదివి 1895లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ తీసుకున్న మొదటి నల్లజాతి అమెరికన్, 1903లో జవాబిచ్చారు. ఈ మాట వింటే సోక్రటీసూ, అసిసికి చెందిన సెయింట్ ఫ్రాన్సిసూ (ఇద్దరూ పేదగానే బతికినవాళ్లు) ఏమనేవారో అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది: నల్లజాతి కాలేజీల్లో చదువుకున్న టీచర్లూ, వాళ్ల దగ్గర చదువుకున్నవాళ్లూ లేకపోతే టస్కీగీ కూడా ఒక్కరోజు నడవదు అని.

వాషింగ్టన్‌ని తేలిగ్గా తీసేయడానికి లేదు. ఆకలి, అప్పు, పని లేకపోవడం ఆయన దగ్గర నుంచి చూసినవాడు. ఈరోజు ఫీజు కోసం లోన్ తీసుకున్న తల్లిదండ్రులు అడిగేదీ అదే ప్రశ్న, వాళ్లని సంకుచితంగా ఆలోచిస్తున్నారనడానికి మనకి హక్కు లేదు. కానీ ఒకటి గమనించండి, పేద పిల్లలకి కోడింగ్ నేర్పితే చాలు, సాహిత్యం ఎందుకు అని వేదికల మీద చెప్పే పెద్దలు తమ పిల్లల్ని ఎక్కడ చేరుస్తున్నారు? పది మంది కూర్చునే సెమినార్ రూముల్లోనే. అంటే విలువ తెలియక కాదు, ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే లెక్క మారుతోంది. ఫ్రెంచ్ వ్యాకరణం పట్టుకున్న ఆ కుర్రాడికి కావాల్సింది పుస్తకం లాక్కునేవాళ్లు కాదు, ఇల్లు బాగుచేసుకునే దారి కూడా చూపించేవాళ్లు.

జైల్లో ఉన్నవాళ్లకి కూడా ఇది పనికొస్తుందా అని అడిగితే జవాబు న్యూయార్క్ రాష్ట్రంలో దొరుకుతుంది. 1994లో ఒక చట్టంతో ఖైదీలకి పెల్ గ్రాంట్లు (పేద స్టూడెంట్ల కాలేజీ చదువుకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం) ఆపేశారు, దాంతో జైళ్లలో కాలేజీ చదువులు చాలావరకు మూతపడ్డాయి. బార్డ్ కాలేజీ మాత్రం, మొదట ఒక స్టూడెంట్ పట్టుదలతో, 2001 నుంచి జైల్లోనే డిగ్రీ క్లాసులు నడుపుతోంది, అవీ వడ్రంగం క్లాసులు కావు, సాహిత్యం, చరిత్ర, గణితం, బయట క్యాంపస్‌లో చెప్పేవే. 2015లో ఆ ఖైదీల డిబేట్ టీమ్ హార్వర్డ్ టీమ్‌తో తలపడి గెలిచింది. వాళ్లకి ఇంటర్నెట్ లేదు, పుస్తకం కావాలంటే జైలు అధికారుల అనుమతి రావాలి. పైగా వాళ్లకొచ్చిన పక్షం ఏంటో తెలుసా, పత్రాలు లేని వలస పిల్లల్ని ప్రభుత్వ స్కూళ్లు చేర్చుకోకుండా ఉండొచ్చు అనే వాదన, వాళ్లకి సొంతంగా అస్సలు నచ్చనిది. తమకి నచ్చని వాదనని దాని బలంతో నిలబెట్టి చూపించారు. మామూలు మనుషులం, మనం, ఒక్క వాట్సాప్ గ్రూపులో అది చేయగలమా? (2020 డిసెంబర్‌లో చట్టం మార్చి, 2023 జులై నుంచి ఆ గ్రాంట్లు ఖైదీలకి మళ్లీ ఇస్తున్నారు. ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.)

సైన్స్ సంగతేంటి అంటారా? లిబరల్ ఆర్ట్స్ అంటే కవిత్వం ఒక్కటే అనుకునేవాళ్లు మీ బోర్డుల్లోనే ఉన్నారని నా అనుమానం. మధ్యయుగాల్లో ఈ పేరుతో చెప్పిన ఏడు విద్యల్లో నాలుగు అంకగణితం, జ్యామితి, ఖగోళం, సంగీతం. ఇప్పటి సంగతికొస్తే థామస్ చెక్ గ్రిన్నెల్ అనే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో చదివారు, 1989లో కెమిస్ట్రీ నోబెల్. పీహెచ్‌డీ తర్వాత ఆయన ల్యాబ్‌లో పరిశోధన (పోస్ట్‌డాక్) చేసిన జెన్నిఫర్ డౌడ్నా 1985లో అలాంటిదే అయిన పొమోనా కాలేజీ గ్రాడ్యుయేట్, 2020లో కెమిస్ట్రీ నోబెల్. పొమోనాలో ఉన్నప్పుడు డౌడ్నాకి కెమిస్ట్రీ మీద నమ్మకం పోయి ఫ్రెంచ్‌కి మారిపోదామనుకున్నారట, వద్దు, సైన్స్‌లోనే ఉండు అని చెప్పింది ఆవిడ ఫ్రెంచ్ టీచరే. తన డిపార్ట్‌మెంట్‌లో ఒక స్టూడెంట్ తగ్గినా పర్లేదని ఆ అమ్మాయి మొహం చూసి చెప్పగలిగిన టీచర్! ఇప్పటి మీ లెక్కల్లో ఆ టీచర్ ఆ ఏడాది ఒక ఎన్‌రోల్‌మెంట్ పోగొట్టుకున్నట్టు.

ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (కంప్యూటర్ చిప్) కనిపెట్టిన ఇద్దరిలో ఒకడైన రాబర్ట్ నాయిస్ కూడా గ్రిన్నెలే. ట్రాన్సిస్టర్ పుట్టిన కొద్దికాలానికే అక్కడి ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్ ఎలాగో రెండు సంపాదించి తన స్టూడెంట్లకి చూపించారు, దేశంలో ఇంకా చాలా యూనివర్సిటీల్లో దాని మొహం చూసినవాళ్లు లేరు. అదే నాయిస్ పార్టీ కోసం పక్క రైతు పందిని ఎత్తుకొచ్చి ఒక సెమిస్టర్ సస్పెండ్ అయ్యాడు, గేల్ లాంటివాళ్లు అడ్డుపడకపోతే చదువు అక్కడితో సరి. కుర్రాళ్లని పేరుపెట్టి పిలిచే టీచర్ ఉంటే జరిగేవి ఇవి. తర్వాత ఆయన 1968లో చిప్పుల కంపెనీ ఇంటెల్ పెట్టినప్పుడు గ్రిన్నెల్ అందులో డబ్బు పెట్టింది, ఆ కాలేజీ నిధి ఎంత పెరిగిందో ట్రస్టీలైన మీకు నేను చెప్పాలా.

చూశారా, నేను కూడా జారి డబ్బు దగ్గరికే వచ్చేశా. ఆ వాదన అంత సులువుగా నోటికొస్తుంది, అందుకే దాంతో జాగ్రత్తగా ఉండమంటున్నా. జీతం చూపించి అమ్మితే జీతంతోనే కొలుస్తారు, మొదటి ఏడాది జీతం దగ్గర కంప్యూటర్స్ డిగ్రీ ముందు, నర్సింగ్ డిగ్రీ ముందు చరిత్ర డిగ్రీ నిలబడదు. ఓడిపోయే ఆటలోకి మీరే దిగి, ఓడిపోయాక చరిత్ర డిపార్ట్‌మెంట్‌ని తప్పుపడుతున్నారు. ఫీజు ఎక్కువైతే ఫీజు తగ్గించే దారి చూడండి, సాయం పెంచండి, కొత్త జిమ్ము వాయిదా వేయండి. అది వేరే సమస్య. చదువు పనికిమాలినది అనేది వేరే ఆరోపణ. రెండూ కలిపేసి మాట్లాడటం మానేయండి.

2023లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ బోర్డు ఒక్క ఓటింగ్‌తో 28 మేజర్లు, 143 టీచర్ పోస్టులు తీసేసింది, ఎక్కువ దెబ్బ భాషలకే. అది పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ, దాని లోటు కష్టాలు దానివి. కానీ ఆ తర్వాత చిన్న కాలేజీల బోర్డుల్లో "వాళ్లే తీసేశారు కదా" అనే మాట వినిపించి ఉంటుందని నా నమ్మకం. సింగపూర్‌లో యేల్, అక్కడి నేషనల్ యూనివర్సిటీ కలిసి పెట్టిన లిబరల్ ఆర్ట్స్ కాలేజీ యేల్-ఎన్‌యూఎస్ 2013లో మొదటి బ్యాచ్ తీసుకుంది, 2021లో మూసేస్తున్నామని పైనుంచి ప్రకటన వచ్చింది, 2025 బ్యాచ్‌తో అయిపోయింది. కట్టడానికి పట్టిన కాలం కంటే తీసేయడానికి పట్టే మీటింగ్ చాలా చిన్నది. ఇంకోవైపు వర్జీనియాలో స్వీట్ బ్రయర్ అనే ఆడపిల్లల కాలేజీ ఉంది, 2015 మార్చిలో బోర్డు మూసేస్తున్నాం అనేసింది, పాత స్టూడెంట్లు చందాలేసుకుని, కోర్టుకెక్కి, నెలల్లో ఆ నిర్ణయం తిరగరాయించారు, కాలేజీ నడుస్తోంది. బోర్డుకి లెక్కల్లో కనిపించనిది వాళ్లకి కనిపించింది, వాళ్లు ఆ గదుల్లో కూర్చున్నవాళ్లు కాబట్టి.

అందుకని అడుగుతున్నా. వచ్చే బ్రోషర్‌లో జీతం పేజీ ఉంచుకుంటే ఉంచుకోండి, దాని పక్కనే ఇంకో పేజీ వేయండి: మొదటి ఏడాది క్లాసులో సగటున ఎంతమంది ఉంటారు, అందులో ఎన్ని క్లాసులు పర్మనెంట్ టీచర్లు చెప్తారు, ఒక స్టూడెంట్ నాలుగేళ్లలో ఎన్ని పేజీలు రాస్తే అందులో ఎన్ని కామెంట్లతో తిరిగొస్తాయి, సొంత భాష కాని ఇంకో భాషలో ఒక పుస్తకమైనా చదవగలిగే స్థాయికి ఎంతమంది వస్తున్నారు. ఇవన్నీ మీ ఆఫీసులో తీయగలిగే లెక్కలే, ఎవరూ అడగలేదు కాబట్టి తీయలేదు. ఏ డిపార్ట్‌మెంట్ మూయాలన్నా ఓటేసే ప్రతి ట్రస్టీ ముందు ఆ డిపార్ట్‌మెంట్ క్లాసులో ఒక పూర్తి వారం కూర్చోవాలని రూల్ పెట్టుకోండి, ఫోన్ బయటపెట్టి, ఆ వారం పాఠం ముందే చదువుకుని. టీచర్ మిమ్మల్ని కూడా ప్రశ్న అడుగుతాడు, అది ముందే చెప్తున్నా.

ఇట్లు,
మీలాంటి ఒక కాలేజీ పాత స్టూడెంట్